నేను విప్పేసిన లైఫ్ జాకెట్

మా ఇంట్లో నన్ను కంగారు మనిషి అంటారు. ఎక్కడికైనా బయల్దేరితే బస్సు మండపేట దాటకముందే ఎదురింటావిడకు ఫోన్ చేసి, మా వంటింటి కిటికీలోంచి గ్యాస్ వాసనేమైనా వస్తోందా అని అడుగుతాను. బళ్ళో ఆరు, ఏడు తరగతులకు లెక్కలు చెబుతాను. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఒక్క పీరియడ్ కూడా కుర్చీలో కూర్చుని చెప్పిన గుర్తు లేదు, బల్లల మధ్య తిరుగుతూనే ఉంటాను. మా ఆయన రైస్ మిల్లులో సూపర్‌వైజరు. పగలంతా మిల్లు మోతలో, లారీల హారన్ల మధ్య గడిపి వచ్చి కూడా నిమ్మళంగా కూర్చుని పేపరు చదువుకోగలరు. ఆ మోతకన్నా ఇంట్లో నా అడుగుల చప్పుడే తనకు ఎక్కువగా వినబడుతుందని నవ్వుతారు.

ఈ కంగారు మనిషి ముందుచూపు వల్లే ఒకరి ప్రాణం నిలిచిందని మా చుట్టాలు ఇప్పుడు చెప్పుకుంటున్నారు. పెళ్ళిళ్ళలో, చర్చి మెట్ల మీద నన్ను ఆపి మరీ చెబుతున్నారు. వాళ్ళు చెప్పేది నిజం కాదు. జరిగినదాన్ని జరిగినట్టు ఒక్కసారైనా మొదటి నుంచి చివరి దాకా చెప్పుకోకపోతే నాకు కాలు నిలిచేలా లేదు.

ప్రాణం నిలిచింది మా బావగారిది. మా అక్క భర్త. తణుకు దగ్గర ఒక హైస్కూల్లో హెడ్‌మాస్టరుగా చేసి ఆ జనవరి ఆఖరున రిటైరయ్యారు. మా నాన్న పోయేనాటికి నాకు పదమూడేళ్ళు. అక్కకు అప్పటికి పెళ్ళయి ఏడాది. అప్పట్నుంచి నా చదువు, టీచర్ ట్రైనింగ్ పరీక్ష, చివరికి నా పెళ్ళి దాకా అన్నీ బావగారే చూశారు. నాకు సైకిల్ నేర్పింది ఆయనే. పరీక్ష రోజున రాజమండ్రి సెంటరు గేటు బయట ఎండలో మూడు గంటలు నిలబడింది ఆయనే. ఆయన మాటకు నేను ఎదురు చెప్పిన సందర్భాలు లెక్కపెట్టాలంటే ఒక చేతి వేళ్ళు కూడా అక్కర్లేదు.

రిటైర్మెంటుకు హాలు, దండలు, ఉపన్యాసాలు వద్దన్నారాయన. మన మనుషులం మాత్రం ఒక రోజంతా గోదావరి మీద పడవలో గడుపుదాం అన్నారు. చిన్నప్పుడు కాలవ గట్టున పెరిగిన మనిషి. లాకుల మీద నుంచి దూకి, ఎదురీది వచ్చేవాణ్ణని ఎన్నోసార్లు చెప్పేవారు. ఫిబ్రవరిలో ఒక శనివారం ఖాయం చేశారు. వాళ్ళు తణుకు నుంచి చించినాడ వంతెన మీదుగా వచ్చారు. మేము రావులపాలెం మీదుగా రాజోలు చేరి, అక్కణ్ణుంచి నది ఒడ్డుకు వెళ్ళాం. మొత్తం ఏడుగురం. అక్క, బావగారు, వాళ్ళమ్మాయి, అల్లుడు, వాళ్ళ ఏడేళ్ళ పాప, మా ఆయన, నేను. పడవ నడిపే సరంగుతో కలిపి ఎనిమిది మంది.

ముందురోజు నుంచే నాకు మనసు కుదురుగా లేదు. ఫోన్లో వాతావరణం చూసుకున్నాను. మధ్యాహ్నం సముద్రం వైపు నుంచి గాలి ఉంటుందని ఉంది. మా ఆయన్ని నిలదీసి అడిగితే, ఫిబ్రవరి గాలి మిల్లులో ఊక కూడా లేపలేదని కొట్టిపారేశారు.

పడవ బాగానే ఉంది. పైన నీడకు కప్పు, రెండు వైపులా బెంచీలు, మధ్యలో భోజనాలకు చిన్న బల్ల. కొత్తగా నీలం రంగు వేశారు. లైఫ్ జాకెట్లు మాత్రం వెనక మూల ఒక గుట్టగా పడి ఉన్నాయి. నారింజ రంగు వెలిసి, తడి ఆరని వాసన వేస్తున్నాయి. నేను వంగి ఒక్కొక్కటీ తీసి చూశాను. రెండింటికి బకిల్స్ విరిగి ఉన్నాయి. ఒకదాని పట్టీ తెగి, తాడుతో ముడేశారు. మంచివి ఏరితే తొమ్మిది తేలాయి, అందులో ఒకటి పిల్లల సైజు. గుండ్రటి ట్యూబు ఒకటి కప్పు స్తంభానికి వేలాడుతోంది. దాన్ని ఎవరూ పట్టుకుపోకుండా కాబోలు, ఇనప తీగతో నాలుగు చుట్లు చుట్టి మెలిపెట్టారు. అవసరమైతే ఇది ఎలా ఊడుతుందని సరంగును అడిగాను.

ఆయనకు యాభై దాటి ఉంటాయి. ఒడ్డున ఉన్న మత్స్యకారుల పేటలోనే ఇల్లు. వేట తగ్గాక ఈ పడవ నడుపుతున్నాడు. నా ప్రశ్నకు విసుక్కోలేదు. తీగ మొన్నామధ్య కట్టిందని, సాయంత్రం తీసి కొక్కెం పెడతానని చెప్పాడు. జాకెట్లు అందరూ వేసుకోవాల్సిందేనా అంటే నిజమే చెప్పాడు.

"ఎక్కేటప్పుడు ఏసుకోమని చెప్తామండి. సగం దూరం పోయాక ఉక్కపోస్తందని ఇప్పేస్తారు. మళ్ళీ మళ్ళీ చెప్తే ఇంకోసారి మా పడవెక్కరండి."

అందరికీ నేనే తొడిగాను. పాపకు పిల్లల జాకెట్ వేసి, కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ కూడా బిగించాను. అది లేకపోతే నీళ్ళలో పడ్డప్పుడు జాకెట్ పైకి లేచిపోయి మనిషి కిందికి జారిపోతాడని ఎక్కడో చదివాను. అక్క కొత్త గద్వాల చీర కట్టుకుంది. పైన ఆ మరకల జాకెట్ వేసుకోవడానికి మొహం చిట్లించింది గానీ కాదనలేదు. బావగారు మాత్రం చేతిలోకి తీసుకుని, బెంచీ మీద పెట్టి, దాన్ని దిండులా వీపుకు ఆనించుకుని కూర్చున్నారు.

"బావగారూ, కాసేపు వేసుకోండి. మధ్యలోకి వెళ్ళేదాకానైనా," అన్నాను.

"నన్ను నీళ్ళలో పడేస్తే నేనే మీకు తాడు విసురుతానే అమ్మాయ్. కూర్చో ముందు."

పడవ కదిలింది. అల్లుడు ప్రార్థన చేశాడు. నీళ్ళు ప్రశాంతంగా ఉన్నాయి, గట్టు వెంట కొబ్బరి చెట్లు నెమ్మదిగా వెనక్కి పోతున్నాయి. అందరి మొహాలూ విప్పారాయి. నాకు మాత్రం కూర్చోబుద్ధి కాలేదు. పాప రెయిలింగు మీదికి ఎక్కితే దింపాను. అల్లుడు ఫోన్ పట్టుకుని పడవ ముందు కొసకు వెళ్తే వెనక్కి పిలిచాను. ఏడుగురినీ ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంటూ ఉంటే అక్క చూసి, ఇది బడి కాదే అంది.

అరగంటకల్లా జాకెట్లు విప్పడం మొదలైంది. ఫొటోల కోసం అక్క విప్పింది. అమ్మ విప్పిందని కూతురు, ఉక్కగా ఉందని అల్లుడు. చివరికి మా ఆయన కూడా. బావగారు వీపుకు ఆనించుకున్నదానితో సహా అన్నీ వెనక మూలకు చేరాయి, వాటి మీద బిర్యానీ గిన్నె, మజ్జిగ క్యాను వచ్చి కూర్చున్నాయి. పాప నా దగ్గరికి వచ్చి, తాతయ్య వేసుకోలేదుగా, నాకెందుకని అడిగింది. నువ్వు తీస్తే పడవ వెనక్కి తిప్పించేస్తానన్నాను. నా గొంతు కాస్త గట్టిగానే వచ్చినట్టుంది.

అప్పుడు బావగారు నవ్వుతూ సరంగుతో అన్నారు. "ఏమయ్యా, మా మరదలు ఎక్కిన పడవకి ఈ జాకెట్లన్నీ ఎందుకయ్యా? ఈవిడ కంగారే మనందరినీ తేలుస్తుంది."

అందరూ నవ్వారు. సరంగు కూడా మొహం పక్కకు తిప్పుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. లోపల ఎక్కడో ముల్లు దిగింది. ఆయన రోజు ఇది, నేనే పాడు చేస్తున్నాను అనిపించింది. ముప్పయ్యేళ్ళు నాకోసం నిలబడ్డ మనిషిని నలుగురిలో చిన్నపిల్లాడిలా మందలిస్తున్నాను అనిపించింది. వీటన్నిటికన్నా, అందరూ హాయిగా ఉన్నచోట నేనొక్కదాన్నే నారింజ రంగు మూటలా ఉన్నాననిపించింది. అయిదు నిమిషాలు ఓర్చుకున్నాను. తర్వాత ఎవరూ అడగకుండానే ఉక్కగా ఉందని పైకి అని, మూడు బకిల్సూ ఊడదీసి జాకెట్ విప్పేశాను. మూలకు వెయ్యడానికి మాత్రం మనసు రాలేదు. మడిచి ఒళ్ళో పెట్టుకున్నాను. బావగారు చూసి తల ఊపారు. మెచ్చుకున్నట్టు.

ఒంటిగంటకు నది మధ్యలో ఇసుక మేట పక్కన లంగరు వేశారు. ఇంజను ఆపాక నీళ్ళ చప్పుడు ఒక్కసారిగా దగ్గరికి వచ్చినట్టయింది. భోజనాలు చేశాం. సరంగుకు కూడా పెట్టాం. ఆయన తింటూ తింటూ నీళ్ళ వైపు చూసి, పోటు తిరిగిందని, ఇక నీళ్ళు సముద్రం వైపు లాగుతాయని, త్వరగా కానిస్తే వెళ్ళిపోదామని అన్నాడు. చూస్తే లంగరు తాడు బిగిసి ఉంది. పడవను రాసుకుంటూ నురగ వెనక్కి పరిగెడుతోంది. సముద్రం వైపు నుంచి గాలి కూడా ఎత్తుకుంది. మళ్ళీ తలలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

పడవలో చెంబుతో నీళ్ళు ఉన్నాయి. బావగారికి గోదాట్లో చెయ్యి కడుక్కోవాలనిపించింది. లేచి వెనక వైపు అంచు దగ్గరికి వెళ్ళి, ఎడమచేత్తో స్తంభం పట్టుకుని, కుడిచెయ్యి నీళ్ళకు అందేలా వంగారు. అదే సమయానికి పెద్ద పడవ ఒకటి పాటలు మోగించుకుంటూ మా పక్కనుంచి వేగంగా పోయింది. ఎంత పెద్దదో చూడ్డానికి, చేతులూపడానికి మావాళ్ళంతా లేచి ఒకే వైపు చేరారు. పడవ అటు ఒరిగింది. ఆ వెంటనే పెద్ద పడవ లేపిన కెరటం వచ్చి కొట్టింది.

బావగారు పడిపోయారు. కేక లేదు, చప్పుడు కూడా పెద్దగా లేదు. ఒక బిందె నీళ్ళలో ముంచినట్టు చిన్న శబ్దం. అందరూ చేతులూపుతూనే ఉన్నారు. నా లెక్కలో ఆరు దగ్గర ఆగిపోయింది.

"బావగారు పడ్డారు," అన్నాను. అరిచాననే అనుకున్నాను. మామూలుగానే అన్నానని తర్వాత మా ఆయన చెప్పారు.

ఆయన పైకి తేలారు. మమ్మల్ని చూసి నవ్వారు కూడా, ఏం పర్లేదన్నట్టు చెయ్యెత్తి ఊపారు. అప్పటికే పడవకు నాలుగు బారల దూరంలో ఉన్నారు. ఈదడం మొదలుపెట్టారు. అందమైన ఈతే, ఆయన చెప్పిన కథలు అబద్ధం కాదు. పది బారలు వేసి ఉంటారు. దూరం మాత్రం తగ్గలేదు. ప్యాంటు, చొక్కా, కాళ్ళకు బూట్లు, అరవై ఏళ్ళ ఊపిరి, అప్పుడే తిన్న భోజనం. చూస్తుండగానే చేతులు పైకి లేవడం తగ్గింది. తల వెనక్కి వాలింది. నోరు నీళ్ళకు సమంగా వచ్చి మూసుకుంటోంది, తెరుచుకుంటోంది. మమ్మల్ని పిలవడం లేదు. ఎందుకు పిలవడం లేదని అక్క నన్ను అడిగింది. పిలవడానికి ఆయనకు ఊపిరి లేదని నాకు తెలుసు.

అల్లుడు చొక్కా విప్పుకుంటూ అంచు మీద కాలు పెట్టాడు. సరంగు వెనక నుంచి అతని నడుం పట్టుకుని లోపలికి లాగాడు.

"మీరు దూకొద్దు బాబూ. ఇద్దర్ని తియ్యలేను. నేను దూకితే పడవ నడిపేవోడు లేడు. అందరూ కూకోండి, ఈ పక్కన."

ఇంత చెప్పి లంగరు తాడు దగ్గరికి పరిగెత్తాడు. మా ఆయన ట్యూబుకు కట్టిన తీగ విప్పుతున్నారు. గోళ్ళు చీరుకుపోయి రక్తం కారుతోంది, తీగ ఒక చుట్టు కూడా ఊడలేదు. అక్క కూతురు మూలనున్న గిన్నెలు లాగేస్తోంది. మజ్జిగ క్యాను దొర్లి కాళ్ళ కింద జారుతోంది.

నా ఒళ్ళో జాకెట్ ఉంది. లేచి శక్తి కొద్దీ విసిరాను. గాలి ఎదురు కొట్టి సగం దూరంలోనే పడేసింది. సరంగు అటు చూసి, తాడు లాగుతూనే, గాబరా పడొద్దని, నీరే దాన్ని ఆయన దగ్గరికి తీసుకుపోతుందని అన్నాడు. నిజంగానే జాకెట్ బోర్లా పడి, నెమ్మదిగా తిరుగుతూ ఆయన వైపు కొట్టుకుపోసాగింది. ఆయన ఇంకా మా వైపే ఈదడానికి ప్రయత్నిస్తున్నారు కాబట్టి ఎదురు వచ్చింది. ఒక పక్క నుంచి దాటిపోబోయింది.

"బావగారూ, కుడిచేతి పక్క. కుడి," అన్నాను. బళ్ళో వెనక బల్లకు వినబడే గొంతుతో.

చెయ్యి చాచారు. వేళ్ళకు పట్టీ తగిలింది. జాకెట్‌ను గుండెకు హత్తుకుని ఈత మానేశారు. అప్పట్నుంచి నీళ్ళు ఆయన్ని వేగంగా తీసుకుపోయాయి. నారింజ రంగు చుక్క చిన్నదవుతూ పోతుంటే చూడ్డం కన్నా కష్టమైన పని నేను చెయ్యలేదు. మునగడం లేదని తెలుసు. అయినా నా కాళ్ళు నేల మీద నిలవలేదు, కూర్చున్నచోటే పరిగెడుతున్నాయి.

లంగరు తేలింది. ఇంజను అందుకుంది. సరంగు నేరుగా ఆయన మీదికి పోలేదు. చుట్టూ తిరిగి ఆయనకు కింది వైపు వెళ్ళి, పడవను ఎదురు తిప్పి, ఇరవై గజాల దూరంలోనే ఇంజను ఆపేశాడు. పడవ కింద నీళ్ళలో తిరిగే ఫ్యాను తగిలితే కాళ్ళు పోతాయని అప్పుడు చెప్పాడు. పడవ ఊపు మీదే దగ్గరికి జరిగాక వెదురు గెడ చాచితే బావగారు పట్టుకున్నారు. లాగడానికి అందరం ఒకేసారి లేవబోతే సరంగు గట్టిగా కసిరాడు. మా ఆయన, అల్లుడు మాత్రం చెరో చంకా పట్టుకున్నారు. మిగతావాళ్ళం రెండో వైపు బరువుగా కూర్చున్నాం. తడిసిన బట్టలతో ఆయన ఎంత బరువో. మూడోసారికి గానీ లోపలికి రాలేదు.

పడవ అడుగున బోర్లా పడుకుని నీళ్ళు కక్కారు. తర్వాత చాలాసేపు వణికారు. సరంగు తన పొడి లుంగీ ఇచ్చాడు. బావగారు మొట్టమొదట అన్న మాట, నా కళ్ళజోడు ఏదీ అని. అది విని అక్క ఏడవడం మొదలుపెట్టింది. పాప ఆయన పక్కన చేరి, తన జాకెట్ బకిల్ గట్టిగా పట్టుకుని కూర్చుంది.

ఒడ్డుకు చేరేసరికి ఆయన లేచి కూర్చుని, ఏమీ కాలేదని, ఇంటికి పోదామని అన్నారు. అక్కకూ అదే కావాలి. నీళ్ళు మింగిన మనిషిని డాక్టరుకు చూపించకుండా ఇంటికి తీసుకుపోకూడదని నేనన్నాను. మళ్ళీ మొదలెట్టావా అన్నట్టు చూశారు. ఈసారి నేను తగ్గలేదు. కారు తలుపు దగ్గర నిలబడి, ఆసుపత్రికి అంటేనే పక్కకు జరుగుతానన్నాను. ఆయన నా మొహంలోకి చూడకుండా సరే అన్నారు. రాజోలులో ఒక ఆసుపత్రిలో చూపించాం. సాయంత్రానికి ఆయనకు ఆయాసం మొదలైంది, దగ్గుతో మాట రాలేదు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందని ఆక్సిజన్ పెట్టారు. మూడో రోజు ఇంటికి పంపారు.

ఆ తర్వాత వచ్చిన ఆదివారాల్లో ఒకనాడు తణుకు చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన పెట్టారు. మేమూ వెళ్ళాం. బావగారు సాక్ష్యం చెప్పారు. అందరూ జాకెట్లు విప్పేసినా మా మరదలు మాత్రం ఒకటి చేతిలో సిద్ధంగా ఉంచుకుందని, దేవుడే ఆవిడ చేత అలా చేయించాడని అన్నారు. జనమంతా నా వైపు తిరిగారు. పాస్టరు గారు నన్ను నిలబడమన్నారు. నిలబడ్డాను. బల్ల అంచు పట్టుకుని, పాట మొదలయ్యేదాకా నేల చూస్తూ ఉన్నాను.

సిద్ధంగా ఉంచుకోలేదు నేను. సిగ్గుపడి విప్పేశాను. మూలకు వెయ్యడానికి పిరికితనం, ఒంటి మీద ఉంచుకోవడానికి మొహమాటం, ఆ రెంటికీ మధ్య అది ఒళ్ళో మిగిలింది. ఆ కెరటానికి ఆయన బదులు నేను పడి ఉంటే? నాకు ఈత రాదు. పాప తనకెందుకని అడిగింది, ఇంకాసేపుంటే దానికీ విప్పేసేదాన్నా? ఈ ప్రశ్నలు నన్ను కూర్చోనివ్వలేదు. బళ్ళో లెక్క మధ్యలో ఆగిపోయేదాన్ని. పిల్లలు ఓపిగ్గా ఎదురుచూసేవారు. మా ఆయన, ఎలా అయితేనేం ఆయన బతికారుగా అనేవారు. ఆ మాట నాకు సరిపోయేది కాదు.

ఒక శనివారం మధ్యాహ్నం బడి వదలగానే బస్సెక్కి ఒక్కదాన్నే ఆ రేవుకు వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో నాకే సరిగ్గా తెలియదు. సరంగు గుర్తుపట్టి, బావగారి ఆరోగ్యం అడిగాడు. పడవలో ట్యూబు ఇప్పుడు కొక్కేనికి ఉంది. చెయ్యి వేస్తే ఊడి వస్తోంది. దానికి పొడుగాటి తాడు కూడా కట్టాడు. బకిల్స్ విరిగిన జాకెట్లు మాత్రం ఇంకా గుట్టలోనే ఉన్నాయి. నా అనుమానం అడిగేశాను. నేను జాకెట్ వేసుకునే ఉండి ఉంటే ఆయన పోయేవారా?

ట్యూబును మళ్ళీ కొక్కేనికి తగిలించాడు. "చెప్పలేమండి. ఇంకోటి దొరికేదేమో, లేదేమో. గిన్నెల కింద ఉన్నాయి కదండీ. అయినా తప్పు మీది కాదండి, పడవ నాది. అందరూ ఏసుకోందే లంగరు తియ్యకూడదు, ఏసుకున్నోళ్ళు ఇప్పితే పడవ ఆపెయ్యాలి. ఆ రోజు నేనూ నవ్వాను. అది గుర్తొస్తాదండి నాకు."

నాకు ఊరట దొరకలేదు. ఇంకొక మనిషికి కూడా ఆ నవ్వు గుర్తుందని మాత్రం తెలిసింది.

ఈస్టరుకు ముందు వారం తణుకు వెళ్ళాను. పడవ రోజు తర్వాత బావగారు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఫోన్ చేస్తే అక్కకు ఇచ్చేసేవారు. నేనే ఏదో మనసులో పెట్టుకుని అలా అనుకుంటున్నానని సర్దిచెప్పుకున్నాను. ఆ సాయంత్రం అక్క కూరలకు బజారుకు వెళ్ళింది. ఆయన వరండాలో కూర్చున్నారు. నేను అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగి, చివరికి స్తంభానికి ఆనుకుని నిలబడి చెప్పేశాను. సిద్ధంగా పెట్టుకోలేదని, మీరు నవ్వారని విప్పేశానని, నన్ను ఇంకెప్పుడూ నలుగురిలో పొగడొద్దని.

ఆయన తలెత్తలేదు. "నాకు తెలుసే. నువ్వు విప్పుతుంటే చూశాను. నా మాట వల్లే విప్పావని కూడా తెలుసు."

"మరి చర్చిలో..."

"అక్కడ అది చెప్పాలంటే నా తప్పు కూడా చెప్పాలిగా. నోరు రాలేదు." కొత్త కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నీళ్ళలో ఉన్నప్పుడు ఒక్కటే అనుకున్నా. పాప చూస్తోంది అని. నేను వేసుకోకపోవడం చూసింది, మునిగిపోవడం కూడా చూస్తుంది అని."

కాఫీ పెడతానని లోపలికి వెళ్ళి, గ్యాస్ వెలిగించకుండా పొయ్యి ముందు నిలబడ్డాను. కాఫీ తెచ్చేసరికి అక్క వచ్చేసింది.

ఈస్టరు ఆరాధనలో ఆయన అడిగి మరీ లేచారు. ముందు చెప్పిన సాక్ష్యంలో కొంత దాచానన్నారు. ఆవిడ వేసుకోమని అడిగితే నేను ఎగతాళి చేశాను, నా ఎగతాళికే ఆవిడ విప్పేసింది, ఇద్దరిలో ఎవరం తెలివిగా ఉండి ఉన్నా అసలు ఈ కథ ఉండేది కాదు అన్నారు. ఆయన కూర్చోగానే పాస్టరు గారు త్వరగా తర్వాతి పాట నంబరు చెప్పారు. బయట మెట్ల మీద ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, మీ బావగారికి మరీ వినయం ఎక్కువమ్మా, నీ ముందుచూపు మాకు తెలియదా అంది. అదే పాత కథ ఇప్పటికీ నడుస్తోంది. ఆయన చెప్పిన నిజం ఎవరికీ పెద్దగా నచ్చినట్టు లేదు. అక్కకైతే మా ఇద్దరి మీదా కోపం వచ్చింది. పండగ పూట ఆ గొడవ ఎందుకు తవ్వారని పది రోజులు ఫోన్ ఎత్తలేదు.

బావగారు నాతో మళ్ళీ మాట్లాడుతున్నారు, మునుపటిలా కాదు గానీ మాట్లాడుతున్నారు. కంగారు మనిషి అని పిలవడం మానేశారు. ఆ పిలుపు లేకపోతే ఏదో తేడాగా ఉంది, అయినా మళ్ళీ పిలవమని అడగలేను.

వేసవి సెలవుల్లో పాపను ఈత క్లాసులో చేర్చారు. రోజూ పొద్దున్నే తాతయ్యే తీసుకెళ్తున్నారని అక్క చెబితే ఒకరోజు నేనూ వెంట వెళ్ళాను. ఆయన కొలను పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, పాప ఎన్నిసార్లు ఇటూ అటూ ఈదిందో వేళ్ళ మీద లెక్కపెడుతున్నారు. మీరూ దిగొచ్చుగా, ఈ పక్క లోతు నడుం దాకానే కదా అన్నాను. ఇంకా కాళ్ళు ఒప్పుకోవడం లేదన్నారు. నాకు నేర్చుకోవాలని ఉందని, పెద్ద ఆడవాళ్ళకు ఏ టైములో చెబుతారో మీరు కనుక్కుంటారా అని అడిగాను. అడుగుతానన్నారు. నాకోసం ఒక కుర్చీ లాగి పక్కన వేశారు. అయిదు నిమిషాలు కూర్చున్నానేమో. పాప లోతు వైపు వెళ్ళగానే లేచాను. అది బయటికి వచ్చేదాకా గట్టు చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. ఆయన నన్ను కూర్చోమనలేదు.